ఘనం చెయ్యమన్నాడు మామ

కర్మలన్నీ ముగిసిన మరుసటి రోజు పొద్దున, చుట్టాలు ఒక్కొక్కరే సంచులు సర్దుకుంటుంటే, మా పెద్దత్త నన్ను పిలిచి నడవ మూలకు చెయ్యి చూపింది. పెద్దమామ ప్రాణం పోయిన చోట పెట్టిన దీపం అది. ఇన్నాళ్లూ ఎవరో ఒకరు నూనె పోస్తూ కాపాడుకొచ్చారు.

“అల్లుడా, ఇంగ దీపం ఘనం చెయ్యి నాయనా,” అంది.

నేను వంగి, పుల్లతో వత్తిని ఎగదోశాను. మంట నిలువుగా లేచింది. ఇంకాస్త నూనె కూడా పోద్దామని గిన్నె కోసం వెతుకుతున్నాను.

“ఏందది? ఘనం చెయ్యమంటే ఎగదోస్తావేంది?”

“ఘనమంటే పెద్దది చెయ్యడమే కదత్తా.”

అత్త నా మొహంలోకి చూసింది. అంత దుఃఖంలోనూ ఆమెకు నా మీద జాలి కలిగినట్టుంది. తనే వంగి, వత్తిని నూనెలోకి లాగింది. మంట అణిగి, సన్నటి పొగ వచ్చింది.

“ఇట్ల. దీపాన్ని ఆ ఇంకో మాట అనగూడదని ఘనం అంటారు. మీ మామ జన్మలో ఆ మాట అన్లేదు. కరెంటు లైటుకు గూడ ఘనం చెయ్యమనే అంటాండె.”

నేను అక్కడే గోడకు చేరగిలబడ్డాను. మామ పోయిన బాధ ఇప్పుడు పొంగిందనుకుని అత్త నా తల నిమిరింది. ఆ నిమరడానికి నేను తగను. ఎందుకంటే కిందటి ఎండాకాలంలో మామ నన్ను అడిగింది సరిగ్గా ఇదే మాట. “ఆ ఫైరువాలు ఘనం చెయ్యి నాయనా,” అన్నాడు. నేను ఘనంగానే చేశాను. పదేళ్లుగా మాటల్లేని ఇద్దరు అన్నదమ్ముల మధ్య ఒకే ఒక్క సందు మిగిలి ఉంటే, దాన్ని కూడా పూడ్చేశాను.

మా పెద్దమామ, చిన్నమామ, ఇద్దరూ మా అమ్మకు అన్నలు. మార్కాపురంలో పెద్దమామది ఇంటి ముందు గదిలోనే పలకల దుకాణం. పిల్లలు పలకలు మానేసి చాలాకాలమైంది గనక, పేరుకే పలకల దుకాణం. అమ్మేది నోటుపుస్తకాలు, పెన్నులు, అట్టలు. అయినా కట్టె చట్రం బిగించిన పాత పలక ఒకటి ఎప్పుడూ గల్లాపెట్టె పక్కన ఉండేది. ఏదైనా చెప్పలేని మాట చెప్పాల్సి వస్తే మామ ఆ పలక మీద బొటనవేలితో రుద్దుతూ కూర్చునేవాడు. అక్కడ రాసిందేమీ లేదు, తుడవడానికి.

మామకు నోటి మాటంటే భయభక్తులు. దుకాణంలో సరుకు లేకపోతే ‘లేదు’ అనడు, “నిండుకుంది” అంటాడు. సాయంత్రం తలుపులు వేసేటప్పుడు “దుకాణం కడతాండ” అంటాడు గానీ మూస్తున్నానని అనడు. గాజు పగిలిందని ఎవరైనా అంటే “పెరిగింది అనమ్మా” అని దిద్దుతాడు. దీపాలు వెలిగాక ఎవరైనా వచ్చి ఉప్పు అని పేరు పెట్టి అడిగితే రెండు చేతులూ చెవులకు అడ్డం పెట్టుకునేవాడు. ఆయనది నోటుపుస్తకాల దుకాణం, ఉప్పుతో పనేమిటని నేను ఏడిపించేవాణ్ణి.

“మాటకు దుకాణం తేడా తెలీదు అల్లుడా,” అనేవాడు.

ఇలాంటి మనిషి చేతికి కంప్యూటర్ వస్తే ఏమవుతుందో ఊహించుకోండి. అది మాటిమాటికీ అశుభం పలికే యంత్రమాయె. మామ దాన్ని ఎన్నడూ పూర్తిగా ఆపలేదు. నిద్రపుచ్చే మీట నొక్కి, “పడుకో ఇంగ” అనేవాడు. చెత్తబుట్ట బొమ్మలో వేసినవాటిని మళ్లీ ఖాళీ చేసేవాడు కాదు. ఆయుధపూజకు మానిటర్ నుదుట కుంకం పెట్టేవాడు, ఆ బొట్టు ఏడాది పొడుగునా తెరమీద ఒక మూల అక్షరాలను కప్పేసేది. మౌసు పట్టుకునే ముందు చేతిని పంచెకు తుడుచుకునేవాడు.

అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైంది ఫైర్‌వాల్. కంప్యూటర్ కొన్నప్పుడే లోపల ఉండి వస్తుందది, విడిగా కొనక్కర్లేదు. బయటినుంచి ఏ ప్రోగ్రామైనా లోపలికి రాబోతే ఆపి, చిన్న కిటికీ తెరిచి, రానిద్దామా వద్దా అని యజమానిని అడుగుతుంది. ఆ అడగడం మామకు నచ్చింది. ప్రతిసారీ రానిమ్మనే నొక్కేవాడు.

“చూడకుండా నొక్కేస్తావేంటి మామా?” అని నేను కోప్పడ్డాను.

“ఇంటికొచ్చి అడిగినోన్ని వద్దంటామా?”

“వచ్చినవాడు దొంగైతే?”

“దొంగ అడిగొస్తాడా నాయనా?” అని నవ్వాడు.

నేను గిద్దలూరులో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. హాస్టళ్లలో ఇంగ్లీషు మీడియంలో చదివినవాణ్ణి. జవాబు లేనప్పుడు గొంతు పెంచడం నాకు ఉద్యోగం నేర్పిన విద్య.

మాటంటే ఇంత భయపడే మనిషి జీవితంలో ఒకే ఒక్కసారి తూలాడు. అన్నదమ్ములు వేరుపడిన రోజున, పెద్దమనుషుల ముందు. ఇద్దరూ కలిసి చేసిన పలకల వ్యాపారం దెబ్బతిన్నాక ఎవరి వల్ల దెబ్బతిన్నదనే వాదన పెరిగి పెరిగి, ఇంటి మధ్యలో గోడ దాకా వచ్చింది. అమ్ముడుపోని పలకరాళ్లతోనే ఆ గోడ కట్టించారు. ఆ రోజు పెద్దమామ, “వాని మొహం నాకు చూపీకండి,” అన్నాడు. చిన్నమామ తక్కువ తిన్నాడా, “సచ్చినా ఈ గడప తొక్కను,” అన్నాడు. ఎవరు చస్తే అన్నది ఇద్దరిలో ఎవరూ ఆలోచించలేదు.

ఇంకొకరైతే నాలుగు రోజులకు ఆ మాట మింగేసి పలకరించుకునేవాళ్లు. పెద్దమామ మింగలేడు. నోటితో అన్నది జరిగి తీరుతుందని నమ్మే మనిషి, అన్న మాటను ఎలా కాదంటాడు? “చేసిన పని దిద్దుకోవచ్చు అల్లుడా. అన్న మాట దిద్దుకోను రాదు,” అని ఒకసారి నాతో అన్నాడు. అప్పుడు ఆయన పలక రుద్దుతున్నాడు. నేను ఫోన్ చూసుకుంటున్నాను.

రెండిళ్లలోనూ చనువుగా తిరిగేది మేనల్లుణ్ణి నేనొక్కణ్ణే. ఇటు పక్క భోంచేసి, అటు పక్క కాఫీ తాగేవాణ్ణి. వాళ్లను కలపాలని ఒక్కనాడూ ప్రయత్నం చేయలేదు. నిజం చెప్పొద్దూ, ఇద్దరికీ కావలసినవాణ్ణిగా ఉండటం నాకు బాగానే ఉండేది.

వాళ్లు స్టీలు బిందెల దాకా అన్నీ పంచుకున్నారు గానీ, ఇంటర్నెట్ లైను పంచలేకపోయారు. అది పెద్దమామ వైపు వచ్చింది. వైఫై మాత్రం గోడను లెక్కచేయకుండా అటువైపూ అందేది. పెద్దమామ పాస్‌వర్డ్ మార్చలేదు, చిన్నమామ వేరే లైను పెట్టించుకోలేదు. దీన్ని గురించి ఎవరూ ఏమీ అనలేదు. అంతకు ముందు ఉమ్మడి వ్యాపారం రోజుల్లో, రెండు కంప్యూటర్ల నుంచీ బిల్లులు చూసుకోవడానికి పెద్దమామ కంప్యూటర్లో నేనే ఒక ఫోల్డర్ పెట్టి, దానికి ‘ఉమ్మడి’ అని పేరు రాశాను. వేరుపడ్డాక దాని సంగతి నేను మర్చిపోయాను. వాళ్లు మర్చిపోలేదు.

ఇది నాకు దీపం ఘనమైన ఆ పొద్దున, అత్త చెబితే తెలిసింది.

ఆదివారం పేపర్లో పదకేళి వస్తుంది కదా. చిన్నప్పుడు ఇంట్లో పేపరు ఒకటి, అన్నదమ్ములు ఇద్దరు. అందుకని గళ్లు పలక మీద గీసుకుని, అడ్డం మాటలు అన్న, నిలువు మాటలు తమ్ముడు నింపేవాళ్లట. వేరుపడిన తర్వాత ఏదో ఒక ఆదివారం పెద్దమామ అడ్డం గళ్లు నింపిన కాగితాన్ని ఫోటో తీసి ఆ ‘ఉమ్మడి’లో పెట్టాడు.

“తెలిసి పెట్టినాడో, అలవాట్న పెట్టినాడో నేను అడగలే,” అంది అత్త. “సాయంత్రం చూస్తే నిలువు గళ్లన్నీ నింపి ఉన్నాయంట. నాకు చూపించి, పసిపిల్లోని మాదిరి నవ్వినాడు. నోరు తెరిచి మాట్లాడుకుంది లేదు గదా, అన్న మాటకు భంగం రాలేదంట.”

అప్పటినుంచి ప్రతి ఆదివారం అదే. అడ్డం ఇటునుంచి, నిలువు అటునుంచి. నిలువు మాట ఒకటి తప్పయితే దాంతో కలిసే అడ్డం మాట కుదరదు, అందుకని వారం మధ్యలో దిద్దుబాట్లు కూడా ఉండేవట. ఇంకేం కావాలి వాళ్లకు? బజారులో ఎదురుపడితే తలలు తిప్పుకుని పోయేవాళ్లు. ఇంటికొచ్చి ఒకే గళ్లలో అక్షరాలు కలుపుకునేవాళ్లు.

ఇక నా ఘనకార్యం.

కిందటి ఎండాకాలంలో మామ ఫోన్ చేసి కంప్యూటర్ నత్తనడక నడుస్తోందన్నాడు. వెళ్లి చూస్తే లోపల చెత్తంతా చేరింది. ఫైర్‌వాల్ తీసేసి ఉంది.

“ఎవరు తీశారు మామా దీన్ని?”

“నేనే నాయనా. ఎండలు ముదిరితే తీసి పెడతా. వానలు పడినాక మళ్లీ పెడతా.”

“ఎందుకు?”

“ఇంత ఎండలకు లోపల ఫైరు గూడ ఎందుకని. పెట్టె పట్టి చూడు, కాలిపోతాంది.”

దుకాణంలో ఇద్దరు ముగ్గురు మనుషులున్నారు. నేను పగలబడి నవ్వాను. వాళ్లూ నవ్వారు. మామ కూడా కొంచెం నవ్వి, పలక దగ్గరికి లాక్కున్నాడు. నేను అంతటితో ఆగితే బాగుండేది. నిప్పుకూ దీనికీ సంబంధం లేదని, తెలియనివాటిలో వేలు పెట్టొద్దని, తరగతిలో పిల్లలకు చెప్పినట్టు గట్టిగా చెప్పాను. ఫైర్‌వాల్ పెట్టాను. ఇది ఇంటి నెట్‌వర్కా, నలుగురు తిరిగే చోటి నెట్‌వర్కా అని అది అడిగితే, దుకాణం కదా అని నలుగురు తిరిగే చోటే అన్నాను. అలా అంటే పక్క కంప్యూటర్లను లోపలికి రానివ్వదు. ఆ తర్వాత మామ దాన్ని మళ్లీ కదిలించకుండా, మార్పులు చేసే అధికారం ఆయన పేరు మీద నుంచి తీసేసి, నా పాస్‌వర్డ్ పెట్టుకున్నాను.

“నీ కంప్యూటర్ తాళంచెవి నా దగ్గరుంటుంది మామా,” అన్నాను.

“ఉండనీ నాయనా. నీకాడ ఉంటే నాకాడ ఉన్నెట్టే,” అన్నాడు.

రెండు మూడు వారాలకు మళ్లీ రమ్మని కబురు పెట్టాడు. నేను వెళ్లేసరికి దుకాణంలో బేరం ఉంది. వాళ్లంతా వెళ్లేదాకా మామ విషయం ఎత్తలేదు. మజ్జిగ తెప్పించాడు. గిద్దలూరులో నీళ్లెట్ల ఉన్నాయని అడిగాడు. వీధిలోకి ఒకసారి తొంగిచూసి వచ్చి, పలక మీద బొటనవేలు ఆనించి, గొంతు తగ్గించి అన్నాడు.

“ఆ ఫైరువాలు ఘనం చెయ్యి నాయనా.”

నేను పొంగిపోయాను. అన్ని తిట్లు తిన్నాక మామకు బుద్ధి వచ్చిందనుకున్నాను. ఫైర్‌వాల్ అమరికల్లో ఒక గడి ఉంటుంది. అంతకు ముందు రానిచ్చినవాటితో సహా, బయటినుంచి వచ్చే దేన్నీ రానివ్వొద్దని దానికి అర్థం. ఆ గడిలో టిక్కు పెట్టాను.

“ఇక చీమ కూడా దూరదు మామా.”

“చీమ గూడనా?” అన్నాడు. ఆయన చూపు తెర మీద లేదు, వెనకాల పలకరాళ్ల గోడ మీద ఉంది. “అంత వద్దులే నాయనా. మామూలుగా ఘనం చేస్తే చాలు.”

“మామూలు ఘనమేంటి మామా, చేస్తే పూర్తిగా చెయ్యాలి,” అన్నాను.

ఆయన ఇంకా ఏదో అనబోయాడు. సరిగ్గా అప్పుడే ఎవరో రూళ్ల పుస్తకాల కోసం వచ్చారు. మామ లేచి వెళ్లి, “రూళ్లవి నిండుకున్నాయి తల్లీ,” అని చెప్పాడు. తిరిగి వచ్చాక ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే ఎందుకు అని అడుగుతాను. ఎందుకో చెబితే, మొహం చూడనన్నవాడు తమ్ముడితో పదకేళి ఆడుతున్నాడని నాకు తెలిసిపోతుంది. నాకు తెలిస్తే రెండిళ్లలోనూ నవ్వులాట చేస్తానని ఆయనకు తెలుసు. నిజంగానే చేసి ఉండేవాణ్ణి. ఎండాకాలం ఫైరు కథను కాలేజీ స్టాఫ్ రూములో నటించి మరీ చెప్పాను. ‘మామూలు ఘనం’ మాట కూడా అందులో కలిపాను. అందరూ కళ్లు తుడుచుకుని నవ్వారు.

మాలాంటి చదువుకున్నవాళ్లకు మనుషులు తెలియకపోయినా పదాలు తెలుసు అనుకునేవాణ్ణి గర్వంగా. అదీ అబద్ధమే. నాకు పదాలు కూడా తెలియవు.

చలికాలంలో మామకు ఊపిరి అందక ఒంగోలు ఆస్పత్రిలో చేర్చారు. నేను చూడబోయినప్పుడు ముక్కుకు గొట్టం ఉంది. అయినా పక్క మంచం మనిషి “ఇంక నేను పోతా” అంటుంటే, “పోయొస్తా అనబ్బా” అని దిద్దుతున్నాడు. నన్ను దగ్గరికి రమ్మన్నాడు. చెయ్యి పట్టుకుని నా అరచేతిలో బొటనవేలితో రుద్దాడు. అక్కడ పలక లేదు మరి.

“ఆ ఫైరువాలు ఇంగా ఎలుగుతానే ఉందా నాయనా?”

మనిషి ఇంత బాధలో ఉండి కూడా నా పనిని గుర్తుపెట్టుకున్నాడని మురిసిపోయాను. ధైర్యం చెప్పాలని, ఆయన చెవి దగ్గర వంగి, “వెలుగుతూనే ఉంది మామా. నేనుండగా అది ఆరదు,” అన్నాను.

మామ కళ్లు మూసుకున్నాడు. నిద్ర వచ్చిందనుకుని దుప్పటి కప్పి బయటికొచ్చాను. మళ్లీ ఆయన నాతో మాట్లాడలేదు. ఇంటికి తీసుకొచ్చాక, ఆ నడవలోనే ప్రాణం పోయింది.

దీపం ఘనమైన పొద్దున అత్త పదకేళి సంగతంతా చెప్పి, చివర్న ఒక మాట అంది. “ఎండాకాలం నుంచి చిన్నాయన నింపేది మానుకున్నాడు. ఈయన మాత్రం ఆదివారం ఆదివారం పెడతానే ఉన్నాడు. నిలువు నిండుకుందని నవ్వేటోడు. ఆయప్పకు ఇంగా కోపం పోలేదేమో అనుకుంటిమి.”

అత్తకు నేనేం చేశానో తెలియదు. చెప్పకుండా బస్సెక్కేయవచ్చు. సంచీ భుజాన వేసుకున్నాను కూడా. కంభం మీదుగా గిద్దలూరు పోయే బస్సు కోసం మలుపు దాకా వెళ్లాను. ఇంకొకరెవరైనా నా చేత ఆ పని చేయించారని చెప్పుకోవడానికి మనసులోనే ఒకటి రెండు మాటలు కూర్చుకున్నాను కూడా, అంత సిగ్గులేనివాణ్ణి. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను వెనక్కి తిరిగి, చిన్నమామ గుమ్మం ముందు నిలబడ్డాను.

ఆయన గడ్డం మాసిపోయి, వసారాలో కూర్చుని ఉన్నాడు. అన్న శవాన్ని ఎత్తేటప్పుడు ఒక్కసారి గడప దాటి లోపలికి వచ్చినవాడు, ఆ తర్వాత పదిరోజులూ అన్న ఇంటి వీధి అరుగు మీదే కూర్చున్నాడు. నేను నిలబడే అంతా చెప్పాను. ఘనం సంగతి, గడిలో టిక్కు సంగతి, తాళంచెవి సంగతి. ఆస్పత్రిలో అన్నమాట కూడా.

ఆయన మొహం వీధి వైపు తిప్పుకున్నాడు.

“అయితే మూసింది నువ్వా?”

“నేనే మామా.”

“ఒక ఆదివారం తెరిస్తే తెరుచుకోలే. నీకు అనుమతి లేదని ఇంగ్లీషులో పడింది. నాకంట, అనుమతి లేదంట. గోడ కట్టించిన నాడు గూడ నాకు అంత రోషం రాలే అల్లుడా.” పంచె అంచుతో మొహం తుడుచుకున్నాడు. “ఒంగోలు పోయినా. ఆస్పత్రి గేటు దాకా పోయినా. గేటు కాడ టీ గూడ తాగినా. అనుమతి లేదన్నోని మంచం కాడికి యా మొహం పెట్టుకోని పోయేది అని మళ్లీ బస్సెక్కినా.”

నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. చిన్నమామ నోటి దురుసు ఊరంతా ఎరుగును, చెయ్యి చేసుకున్నా నాకు న్యాయమే.

“మా అన్నకు నువ్వంటే బో గురి,” అన్నాడు చివరికి. “మేనల్లునికి రానిది లేదంటాండె. నీకు తెలుగు రాదని పాపం ఆయనకు తెలీదు.”

తర్వాత లేచి చెప్పులు వేసుకున్నాడు. గోడ ఉంది కాబట్టి ఇద్దరం వీధిలోంచి తిరిగి పెద్దమామ ఇంటికి వెళ్లాం. గడప దగ్గర ఆయన క్షణం ఆగాడు. అత్త లోపలినుంచి, “రా నాయనా,” అంది. దాటాడు.

కంప్యూటర్ మామ నిద్రపుచ్చినట్టే ఉంది. మౌసు కదిలిస్తే లేచింది. కుంకం బొట్టు మూలన అలాగే ఉంది. నా పాస్‌వర్డ్ కొట్టి ఆ గడిలో టిక్కు తీసేసి, ఇది ఇంటి నెట్‌వర్కే అని మార్చాను. దానికి పెద్దగా సమయం కూడా పట్టలేదు. ‘ఉమ్మడి’ తెరిస్తే, వరసగా ఆదివారాలన్నీ ఉన్నాయి. అడ్డం గళ్లు నిండి, నిలువు ఖాళీగా. నిలువు వరసల్లో అన్నదమ్ముల అక్షరాలు కలిసే చోట్ల తప్ప అంతా తెల్లగా. చివరి వాటిలో మామ చేతిరాత వణికింది.

“అన్నీ అచ్చు తియ్యి,” అన్నాడు చిన్నమామ.

ఒక్కో కాగితం బయటికొస్తుంటే ఆయన నిలబడి అందుకున్నాడు. అన్నీ అయ్యాక, గల్లాపెట్టె పక్కనున్న పలకను తీసి, కాగితాల కింద దన్నుగా పెట్టుకుని, మామ కుర్చీలో కూర్చున్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు. మొదటి కాగితంలో మొదటి నిలువు మాట దగ్గర కాసేపు ఆలోచించి, రాయడం మొదలుపెట్టాడు.

తెర వెలుగు ఆయన కళ్లలో పడుతోంది. తల ఎత్తకుండానే, “దాన్ని ఘనం చెయ్యి అల్లుడా,” అన్నాడు.

నేను కంప్యూటర్ ఆపేశాను.